పాత ఆటోమేటిక్ కారులో గేర్‌బాక్స్ స్లిప్ అవుతోందా? ఎలా తెలుసుకోవాలి?

యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ రొద పెరుగుతుంది, ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) ముల్లు పైకి లేస్తుంది, బండి వేగం మాత్రం పెరగదు. దాన్నే స్లిప్ అవడం, అంటే గేర్ జారడం అంటారు. ముల్లు కూడా లేవకుండా పికప్ తగ్గితే అనుమానించాల్సింది ఇంజిన్‌ని. అమెరికాకి చదువుకోవడానికి వెళ్లి సెకండ్‌హ్యాండ్ టయోటా క్యామ్రీయో హోండా అకార్డో కొనుక్కునే మనవాళ్లకి ఈ టెన్షన్ తరచూ ఎదురవుతుంది. గేర్‌బాక్స్ విప్పాలని ఎవరన్నా అంటే వెంటనే ఒప్పుకోకండి. ముందు గేర్‌బాక్స్ ఆయిల్ చూడండి (ఇంజిన్ ఆయిల్ కాదు).

బండిని 15–20 నిమిషాలు నడిపి, చదునైన చోట ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేయండి. బ్రేక్ తొక్కిపట్టి లివర్‌ని అన్ని గేర్లలోకీ నెమ్మదిగా జరిపి మళ్లీ పార్క్‌లో పెట్టండి. పాత టయోటాల్లో ఇంజిన్ ఆన్‌లో ఉండగానే గేర్‌బాక్స్ డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే పుల్ల) తీసి చూడాలి. పాత హోండాల్లో ఇంజిన్ ఆపి, ఒకటి ఒకటిన్నర నిమిషంలోపు చూడాలి. ఈ తేడా తెలియక ఆయిల్ ఎక్కువ పోస్తే నురగ కట్టి స్లిప్ ఇంకా పెరుగుతుంది.

ఒక చుక్కని తెల్ల టిష్యూ మీద వేయండి. ఎర్రగా, తేటగా ఉంటే మంచిదే. గోధుమ రంగైతే పాతబడింది. నల్లగా మారి మాడువాసన వస్తే లోపలి క్లచ్ ప్లేట్లు కాలాయి. పాలు కలిపినట్టు గులాబీ రంగులో ఉంటే రేడియేటర్ నీళ్లు కలిశాయి, బండి ఇక నడపకండి.

ఆయిల్ తగ్గిందంటే ఎక్కడో కారుతోందని అర్థం, ఇది వాడకంతో ఖర్చయ్యేది కాదు. రాత్రి బండి కింద అట్టముక్క పరిచి, పొద్దున మరక ఎక్కడ పడిందో చూడండి. పోసేటప్పుడు కంపెనీ మాన్యువల్‌లో చెప్పిన రకమే పోయాలి.

ఆయిల్ సరిగ్గా ఉంటే ఖాళీ రోడ్డు మీద నడిపి, ఏ గేర్‌లో జారుతోందో, చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకా అన్నది రాసుకోండి. ఒక్క గేర్‌లోనే అయితే దాని క్లచ్ గానీ సోలినాయిడ్ (కరెంటుతో ఆయిల్ దారి తెరిచి మూసే వాల్వ్) గానీ కారణం కావచ్చు. అన్నిట్లోనూ అయితే ఆయిల్ ప్రెషర్ చాలడం లేదేమో: ఫిల్టరో పంపో చూడాలి.

1996 మోడల్ నుంచి అమెరికాలో అమ్మిన కార్లకి మామూలు ఓబీడీ2 స్కానర్ (కారు కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లు చదివే పరికరం) సరిపోతుంది. పీ0700 కోడ్ ఒక్కటే వస్తే అది గేర్‌బాక్స్‌లో ఏదో లోపం ఉందన్న సూచన మాత్రమే. పక్కన పీ0730 నుంచి పీ0734 దాకా ఏదైనా ఉంటే గేర్ నిష్పత్తి తప్పుతోందని అర్థం, పీ0740 అయితే టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ శక్తిని గేర్‌బాక్స్‌కి అందించే భాగం) క్లచ్ వైపు చూడాలి. పాత హోండాల్లో డ్యాష్‌బోర్డు మీద డీ4 గేర్ లైటు వెలిగి ఆరుతుంటే కంప్యూటర్ కోడ్ నమోదు చేసిందని లెక్క.

బ్రేక్ తొక్కి ఫుల్‌గా యాక్సిలరేటర్ ఇచ్చే స్టాల్ టెస్ట్ జోలికి మీరు వెళ్లొద్దు. కొన్ని సెకన్లు ఎక్కువైనా ఆయిల్ మరిగి ప్లేట్లు పాడవుతాయి. రాసుకున్న వివరాలూ కోడ్‌లూ మెకానిక్ చేతికిచ్చి, ముందు అడుగున ఉన్న పాన్ (ఆయిల్ తొట్టి) విప్పి చూడమనండి; పాత హోండాల్లో అలా విప్పే పాన్ ఉండదు, వాటిలో ఆయిల్ తీసే బోల్టుకున్న అయస్కాంతం చూడమనండి. అక్కడ లోహపు ముక్కలు కనిపిస్తే అప్పుడు గేర్‌బాక్స్ విప్పక తప్పదు.