ట్రిమ్మర్ బోర్డు ఇంట్లోనే బాగుచేసుకోవాలంటే: ముందు మీటర్, తర్వాతే సోల్డరింగ్

చార్జింగ్ ట్రిమ్మర్ ఆగిపోగానే "బోర్డు పోయింది" అని పక్కన పడేస్తారు. నేను నల్గొండలో హైస్కూల్ పిల్లలకు ఫిజికల్ సైన్స్ చెబుతాను, సాయంత్రాలు ఇలాంటివి బాగుచేస్తుంటాను. నా దగ్గరికి వచ్చేవాటిలో నిజంగా బోర్డు పోయినవి తక్కువ. చార్జింగ్ పోర్టు దగ్గర సోల్డర్ (పిన్నును బోర్డుకు అతికించే లోహం) పగలడం, స్విచ్ పోవడం, సెల్ (లోపలి బ్యాటరీ) దెబ్బతినడం, ఎక్కువగా ఈ మూడే. వాటిలో ఏదన్నది మల్టీమీటర్ చెబుతుంది. అందుకే కొలతలు పూర్తయ్యేదాకా సోల్డరింగ్ ఐరన్ ప్లగ్గులో పెట్టొద్దంటాను.

ముందుగా ఒక హెచ్చరిక. రెండు పిన్నుల వైరు నేరుగా గోడ సాకెట్లో పెట్టి చార్జ్ చేసే చవక ట్రిమ్మర్లు ఉంటాయి. కొన్నింటిలో ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు, కెపాసిటర్‌తోనే కరెంటు తగ్గిస్తారు. ప్లగ్గులో ఉన్నంతసేపూ లోపలి బోర్డు 230 వోల్టుల లైనుకు కలిసి ఉన్నట్టే. వాటిని విప్పి కొలవకండి. నేను చెప్పేది 5 వోల్టుల యూఎస్‌బీ చార్జింగ్, ఒక్క లిథియం సెల్ ఉన్న రకం గురించి మాత్రమే.

సరంజామా పెద్దగా ఏమీ అక్కర్లేదు. మామూలు డిజిటల్ మల్టీమీటర్, సన్నటి మొన ఉన్న 25 వాట్ల ఐరన్, 63/37 (63 పాళ్లు తగరం, 37 పాళ్లు సీసం) సోల్డర్ వైరు, సోల్డర్ బాగా అంటుకోవడానికి రాసే ఫ్లక్స్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పాత టూత్‌బ్రష్ చాలు. 63/37 సోల్డర్ 183 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి కొత్తవాళ్ల చేతికి సులువు. హైదరాబాద్ వెళ్లే పని ఉంటే కోఠీ గుజరాతీ గల్లీలో ఇవన్నీ ఒకే చోట దొరుకుతాయి. సోల్డర్‌లో సీసం ఉంటుంది. పని చేస్తూ ఏమీ తినకండి, అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి, కిటికీ తెరిచి పెట్టండి.

మా వీధి సెలూన్ అన్న తెచ్చిన ట్రిమ్మర్‌తోనే చెబుతాను. "సార్, రాత్రంతా చార్జింగ్ పెట్టినా లైటే వెలగట్లేదు. కొత్తది కొనేయమంటారా?" అన్నాడు. "ఆగన్నా, ముందు విప్పి చూద్దాం" అన్నాను.

విప్పే ముందు కేబుల్ మార్చి చూడాలి. టైప్-సీ పోర్టు ఉండి, రెండువైపులా సీ ఉన్న కేబుల్‌తో చార్జ్ కాకుండా, ఒకవైపు పాత వెడల్పు పిన్ను ఉన్న కేబుల్‌తో మాత్రం అయితే, వస్తువు చెడిపోయిందనుకోవద్దు. కరెంటు ఇవ్వమని చార్జర్‌కు తెలిపేందుకు పోర్టు దగ్గర ఉండాల్సిన 5.1 కిలో ఓముల రెసిస్టర్లు తయారీలోనే పెట్టలేదన్నమాట. పాత కేబుల్‌నే వాడుకోండి.

అన్న ట్రిమ్మర్ ఏ కేబుల్‌కూ పలకలేదు. స్క్రూలు తీసి, ఏ వైరు ఎక్కడుందో ఫోన్‌లో ఫొటో తీసుకున్నాను. లోపల సన్నటి వెంట్రుకలు బ్లేడ్ నూనెతో కలిసి నల్లటి ముద్దలా పోర్టు చుట్టూ పేరుకున్నాయి. దాన్ని బ్రష్‌తో గీరితే కింద రాగి ట్రాక్ మీద పచ్చటి తుప్పు కనిపించింది. ట్రిమ్మర్లలో ఇది మామూలే, ఆల్కహాల్‌తో తుడిస్తే పోతుంది. సెల్ మాత్రం శ్రద్ధగా చూడాలి. ఉబ్బినా, తీయటి ఘాటు వాసన వచ్చినా ఇక ముట్టుకోవద్దు, రిపేరు అక్కడితో ఆపేయండి.

ఇప్పుడు మీటర్. మొదటి కొలత సెల్ మీద. 3 నుంచి 4.2 వోల్టుల మధ్య ఉంటే సెల్ ఇంకా పనికొస్తుందనుకోవచ్చు. 2.5 కన్నా తక్కువైతే అనుమానించాలి. 2 కన్నా దిగితే తీసేయాల్సిందే. అలాంటి సెల్‌ను వేరే బ్యాటరీతో తట్టి లేపే వీడియోలు చాలా ఉన్నాయి. అవి చూసి చేయొద్దు. అంతగా ఖాళీ అయిన సెల్‌లో లోపలి రాగి కరిగి, మళ్లీ చార్జ్ చేసినప్పుడు లోపలే షార్ట్ అయ్యే ప్రమాదం ఉంది. సెల్ మీద 1.2 వోల్టులని రాసి ఉంటే అది లిథియం కాదు, నికెల్ రకం. దాని స్థానంలో లిథియం సెల్ ఎప్పుడూ పెట్టొద్దు, ఆ చార్జింగ్ సర్క్యూట్‌కు 4.2 దగ్గర ఆగడం తెలియదు.

రెండో కొలత, కేబుల్ పెట్టి పోర్టు పిన్నుల మీద. 5 వోల్టులు రాకపోతే పోర్టుదే తప్పు. వస్తే అవే 5 వోల్టులు చార్జింగ్ చిప్ దాకా చేరుతున్నాయేమో చూడాలి. ఎక్కువగా కనిపించే చిప్ టీపీ4056, ఎనిమిది కాళ్లది. నాలుగో కాలు దగ్గర 5 వోల్టులు వస్తాయి, ఐదో కాలు సెల్‌కు వెళ్తుంది. అన్న ట్రిమ్మర్‌లో సెల్ 3.1 చూపించింది, పోర్టు మీద 5 వచ్చాయి, చిప్ దగ్గర సున్నా. పోర్టును వేలితో కొంచెం నొక్కితే లైటు వెలిగి, వదిలితే ఆరింది. పిన్ను చుట్టూ సోల్డర్‌లో ఉంగరంలాంటి సన్నటి పగులు ఉంది. రోజూ కేబుల్ పెట్టి లాగే ఒత్తిడంతా అక్కడే పడుతుంది మరి.

ఐరన్ పెట్టేముందు సెల్ వైర్లు ఊడదీయాలి, ఒక్కోసారి ఒక్కటే. రెండూ కలిపి కత్తిరిస్తే కట్టింగ్ ప్లేయరే సెల్‌ను షార్ట్ చేస్తుంది. విడిపోయిన వైరు చివరకు వెంటనే టేపు చుట్టండి. తర్వాత పగులు మీద ఫ్లక్స్ రాసి, ఐరన్ మొన పిన్నుకూ, దాని కింద బోర్డు మీదున్న రాగి ప్యాడ్‌కూ ఒకేసారి తగిలేలా పెట్టాలి. సోల్డర్ ఐరన్ మీద కాదు, ఆ వేడెక్కిన చోట తాకించాలి. రెండు మూడు సెకన్లలో పాత సోల్డర్, కొత్తది కలిసి మెరుస్తూ పిన్ను చుట్టూ ఎక్కుతాయి. మొన తీసేశాక ఊదకండి, కదపకండి. మసకగా, గరుకుగా గడ్డకడితే మళ్లీ ఫ్లక్స్ రాసి వేడి చేయండి. ఎక్కువసేపు పెడితే ప్యాడ్ బోర్డు నుంచి లేచిపోతుంది, ఆ తర్వాత సన్నటి తీగతో జంపర్ వేసుకోవాల్సి వస్తుంది.

చార్జ్ అవుతోంది గానీ మోటార్ తిరగట్లేదంటే దారి వేరు. మోటార్ వైర్లు ఊడదీసి సెల్‌కు క్షణం తాకించండి. తిరిగితే మోటార్ బాగున్నట్టే. మీటర్‌ను బజర్ మోడ్‌లో పెట్టి, స్విచ్ కాళ్లకు ఆనించి స్విచ్ నొక్కితే బీప్ రావాలి. అదీ వస్తే మోటార్‌కు ఎలక్ట్రానిక్ స్విచ్‌లా పనిచేసే మూడు కాళ్ల మాస్‌ఫెట్‌ను అనుమానించాలి. దాని మీద ఏ2ఎస్‌హెచ్‌బీ అని ఉంటే ఎస్ఐ2302 అడిగి తెచ్చుకోండి.

చార్జింగ్ చిప్పే పోతే, చోటుంటే టీపీ4056 మాడ్యూల్, అంటే ఆ చిప్ బిగించి అమ్మే చిన్న బోర్డు, పెట్టుకోవచ్చు. సెల్‌కు, అవుట్‌పుట్‌కు వేర్వేరు ప్యాడ్లు ఉన్నదే కొనండి, అందులో సెల్ మరీ ఖాళీ కాకుండా, షార్ట్ అవకుండా చూసే ప్రొటెక్షన్ ఉంటుంది. సెల్ వైర్లు బీ ప్లస్, బీ మైనస్‌కు, బోర్డుకు వెళ్లేవి అవుట్‌పుట్‌కు కలపాలి. పాత చార్జింగ్ చిప్ బోర్డు మీద ఉండిపోతే పాత పోర్టులో మళ్లీ కేబుల్ పెట్టొద్దు. మాడ్యూల్ వచ్చేటప్పుడు 1 ఆంపియర్‌కు సెట్ అయి ఉంటుంది, దాని మీద 122 అని రాసిన రెసిస్టర్ వల్ల. ట్రిమ్మర్‌లోని చిన్న సెల్‌కు అది ఎక్కువ. అక్కడ 302, అంటే 3 కిలో ఓములు వేస్తే దాదాపు 400 మిల్లీ ఆంపియర్లకు తగ్గుతుంది. కొత్త సెల్ కావాలంటే చివరలకు ట్యాగులు (లోహపు రేకులు) వెల్డ్ చేసి ఉన్నదే కొనండి, సెల్ ఒంటికి నేరుగా సోల్డర్ పెట్టొద్దు.

కుర్రాళ్లు కొందరు ఇదే తరహా బోర్డే కదా అని వేప్‌లు (ఈ-సిగరెట్లు) పట్టుకొస్తారు. నేను తీసుకోను. 2019 చట్టంతో వాటి అమ్మకం, నిల్వ మన దేశంలో నేరం. పైగా అందులో సెల్ నుంచి వేడెక్కే కాయిల్ లాగే కరెంటు ఎక్కువ, ఆ పొగ ఊపిరితిత్తుల్లోకే పోతుంది. ట్రిమ్మర్ తెస్తే పక్కన కూర్చోబెట్టి నేర్పిస్తాను.

మొదటిసారి చార్జింగ్ గచ్చు మీదో స్టీలు పళ్లెంలోనో పెట్టి, పక్కనే ఉండి చూడండి. పరుపు మీద వద్దు. సెల్ గోరువెచ్చగా ఉండొచ్చు, చేయి పెట్టలేనంత వేడైతే వెంటనే కేబుల్ తీసేయండి. వోల్టేజీ 4.2 దగ్గర ఆగిందని చూశాకే మూత బిగించండి. తీసేసిన పాత సెల్ రెండు చివరలకూ టేపు వేసి ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇవ్వండి, చెత్తబండిలో వేయకండి.