చలికాలం రాత్రి దుప్పట్లు పంచడానికి వెళ్తున్నారా? ముందు ఇది చదవండి

డిసెంబర్ వచ్చిందంటే చాలు వాట్సాప్ గ్రూపుల్లో మెసేజ్‌లు మొదలవుతాయి, ఈ ఆదివారం రాత్రి ఫుట్‌పాత్ వాళ్ళకి దుప్పట్లు పంచుదాం ఎవరెవరు వస్తున్నారు అని. చాలా మంచి ఆలోచన, దయచేసి మానకండి. కాకపోతే కొన్నేళ్ళుగా హైదరాబాద్‌లో ఈ పని చేస్తున్నాం కాబట్టి మేం చేసిన తప్పులు మీరు చేయకూడదని ఇదంతా రాస్తున్నా, కొంచెం పెద్దగానే ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

మొదటి ఏడాది మేం ఏం చేశామో చెప్తా. వ్యాన్‌లో 60 దుప్పట్లు వేసుకుని రాత్రి పదకొండున్నరకి ఒక ఫ్లైఓవర్ కింద ఆపాం, హెడ్‌లైట్లు అలాగే ఉంచి "రండి రండి దుప్పట్లు ఇస్తున్నాం" అని కేకేశాం. రెండు నిమిషాల్లో తోపులాట. రోడ్డవతల పడుకున్నవాళ్ళు నిద్రమత్తులోనే అడ్డంగా పరిగెత్తుకొచ్చారు, ఒక లారీ సడన్ బ్రేక్ వేసిన చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. అదృష్టం బాగుండి ఎవరికీ ఏం కాలేదు, కానీ ఒక కాలు లేని తాత ఒకాయన ఆ తోపులాటలో కర్ర జారి పడిపోయాడు. ఆయన పక్కన పడుకునే కుర్రాడు వచ్చి లేపి గోడకి ఆనించి కూర్చోబెట్టి, ఆయన్ని పట్టుకుని అక్కడే ఉండిపోయాడు. చివరికి ఆ ఇద్దరికీ దుప్పటి అందలేదు, వ్యాన్ ఖాళీ. గట్టిగా తోసుకొచ్చినవాళ్ళకి రెండేసి వెళ్ళాయి. ఇంటికొచ్చాక నాకు నిద్ర పట్టలేదు.

అందుకే మొదటి జాగ్రత్త, పంచేరోజు కంటే ముందు ఒకసారి ఉత్త చేతులతో వెళ్ళండి. సాయంత్రం ఏడింటికి, వాళ్ళు పక్కలు సర్దుకునే టైమ్‌కి. ఎవరు ఎక్కడ పడుకుంటున్నారు, పిల్లలు ఎంతమంది, నడవలేనివాళ్ళు ఎవరు, రోడ్డుకి ఏ పక్క ఎంతమంది, ఇవన్నీ చూసుకోండి, అడగండి. "అన్నా, ఇక్కడ రాత్రి ఎంతమంది ఉంటారు?" అంటే చెప్పేవాళ్ళు ఒకరుంటారు. ప్రతి చోటా ఉంటారు. బయటనుంచి చూసేవాళ్ళకి అందరూ ఎవరికి వాళ్ళే పడి ఉన్నట్టు కనిపిస్తారు గానీ అక్కడ ఒక ఏర్పాటు ఉంటుంది. ఆడవాళ్ళు, పిల్లలు గోడ వైపు, మగవాళ్ళు రోడ్డు వైపు. కూలికి వెళ్ళేవాళ్ళ మూటలకి పగలంతా ఒక ముసలాయనో ముసలామెనో కాపలా, దానికి బదులు సాయంత్రం వాళ్ళు టీ బన్ను తెచ్చిస్తారు. జ్వరం వచ్చినవాడికి టాబ్లెట్ ఎవరో ఒకరు తెస్తారు. మనం రాత్రిపూట ఒక గంట వెళ్ళి చేసే సాయం కంటే ఇది చాలా పెద్దది, రోజూ జరిగేది. మన వల్ల అది చెడకుండా చూసుకోవాలి, నేను చెప్పే జాగ్రత్తలన్నీ దానికోసమే.

ఎవరెవరికి ఇవ్వాలో ఆ చెప్పగలిగే మనిషినే అడిగి, ఆ మనిషిని వెంటబెట్టుకుని ఒక్కొక్కరి దగ్గరికి మీరే నడిచి వెళ్ళి ఇవ్వండి. వ్యాన్ దగ్గరికి పిలవొద్దు. బండి రోడ్డు మీద కాకుండా పక్క సందులో ఆపండి, ఒక పక్క పూర్తిగా అయ్యాకే రెండో పక్కకి వెళ్ళండి. పొగమంచు రోజుల్లో ఇది మరీ ముఖ్యం, తెల్లవారుజామున డ్రైవర్లకి ముందు ఏముందో కనపడదు.

టైమ్ సంగతి. రాత్రి పదకొండు, పన్నెండుకి వెళ్ళడం మనకి వీలు, వాళ్ళకి కాదు. పొద్దున నాలుగున్నర ఐదుకి లేచి కూలి అడ్డాకి వెళ్ళాలి, షాపు మెట్ల మీద పడుకునేవాళ్ళు షట్టర్ తీసేలోపు ఖాళీ చేయాలి. ఎనిమిది ఎనిమిదిన్నరకి వెళ్ళండి. నిద్రపోతున్న మనిషిని తట్టి లేపొద్దు, ముఖ్యంగా ఆడవాళ్ళని. రాత్రిపూట బైకుల మీద నలుగురు మగపిల్లలు వచ్చి టార్చి వేస్తే ఆమెకి ముందు గుర్తొచ్చేది దుప్పటి కాదు. మీ టీమ్‌లో ఆడవాళ్ళు తప్పకుండా ఉండాలి, వాళ్ళే ఆ పక్కకి వెళ్ళాలి. కుక్కలు మొరుగుతాయి, రాయి తీయకండి, అవి వాళ్ళ కాపలా, చలికి పక్కన ముడుచుకుని పడుకునేవి కూడా అవే.

ఇక దుప్పటి. ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి. హోల్‌సేల్‌లో చవగ్గా బూడిద రంగులో, నలుపు రంగులో వచ్చేవి చాలావరకు పానిపట్ నుంచి వస్తాయి, పాత ఉన్ని బట్టల్ని చింపి మళ్ళీ నూలు చేసి నేసినవి. వాటిలో మంచివీ ఉంటాయి, వెలుతురు పెడితే అవతల కనపడేంత పలచనివీ ఉంటాయి. కొనే ముందు ఒకటి విప్పి ఎత్తి పట్టుకుని చూడండి, చేత్తో రుద్దితే పీచు రాలిపోతుంటే వదిలేయండి. అదే డబ్బుకి 200 పలచనివి కొనే బదులు 100 మందమైనవి కొనడం మేలు. పొడవు కూడా చూడండి, తల కప్పుకుంటే కాళ్ళు బయటికొచ్చే దుప్పటితో రాత్రంతా నిద్ర ఉండదు.

పైన ఎంత మంచిది కప్పినా కింద ఏమీ లేకపోతే లాభం లేదు, ఇది చాలామందికి తెలీదు. సిమెంటు, గ్రానైటు మెట్లు ఒంట్లో వేడిని లాగేస్తాయి. హైదరాబాద్‌లో చలేముందిలే 12 డిగ్రీలేగా అంటారు, తలుపులేసుకుని పరుపు మీద పడుకున్నవాళ్ళకి అది హాయి, గాలి తగిలే బండ మీద పడుకున్నవాళ్ళకి కాదు. ఊరి శివార్లలో ఇంకా తగ్గుతుంది, ఆదిలాబాద్ వైపు అయితే చెప్పక్కర్లేదు. కాబట్టి దుప్పటితో పాటు కింద పరుచుకోడానికి ఏదైనా ఇవ్వండి. అట్టపెట్టెలు విప్పి రెండు మూడు పొరలుగా, వాటి కింద పాత ఫ్లెక్సీ, తేమ రాకుండా. ఫ్లెక్సీలకి మన ఊళ్ళల్లో కరువా. ఇంకా మంకీ క్యాప్, సాక్సులు. ఒక దుప్పటి డబ్బుతో నాలుగైదు జతల సాక్సులొస్తాయి, పెద్దవాళ్ళు వాటికే ఎక్కువ సంతోషపడతారు.

పొద్దున లేచాక ఆ దుప్పటి ఎక్కడ పెట్టుకుంటారు? ఈ ప్రశ్న మాకు రెండో ఏడాది గానీ తట్టలేదు. ఇల్లు లేని మనిషికి బీరువా ఉండదు కదా. మడత పెట్టి చెట్టు కొమ్మ మీదో రెయిలింగ్ సందులోనో పెట్టి పనికి వెళ్తారు, ఊడ్చేవాళ్ళు చెత్త అనుకుని తీసుకెళ్ళిపోతారు, వాన పడితే తడిసి పనికిరాదు. "పోయినేడు ఇచ్చాం కదా మళ్ళీ ఎందుకు" అనేవాళ్ళకి జవాబు ఇదే. మేం ఇప్పుడు ప్రతి దుప్పటితో పాటు ఒక ఖాళీ బియ్యం సంచి, రెండు గజాల తాడు ఇస్తాం. సంచిలో పెట్టి కట్టేస్తే అది ఎవరిదో ఒకరి సామాను అని తెలుస్తుంది, మూటల కాపలా ఉన్న చోట అప్పజెప్పడానికీ వీలు.

ఇచ్చిన దుప్పటి మర్నాడు ఆ మనిషి దగ్గర కనపడకపోతే అమ్ముకుని తాగేశారని మాత్రం తేల్చేయొద్దు. ఒక పెద్ద ప్రభుత్వాసుపత్రి గోడ పక్కన, జిల్లాల నుంచి వచ్చి రోజుల తరబడి బయటే పడుకునే రోగుల బంధువులు చాలామంది ఉంటారు. వాళ్ళ మధ్యలోనే ఎవరూ లేని అవ్వ ఒకామె ఉండేది. మంచి మందమైన దుప్పటి ఇచ్చాం. రెండ్రోజులకి వెళ్తే అవ్వ పాత నేత చీర ఒకటి రెండు మడతలు వేసి కప్పుకుని మోకాళ్ళు గడ్డానికి ఆనించి కూర్చుంది. మా పిల్లాడొకడు కొంచెం గట్టిగానే అడిగాడు, దుప్పటేదవ్వా అని. ఆమె మాట్లాడకుండా చెయ్యెత్తి చూపించింది. నాలుగడుగుల అవతల ఒక అమ్మాయి, ఇరవై ఏళ్ళు కూడా ఉండవు, ఆ దుప్పటి చుట్టుకుని పడుకుంది, బిడ్డ లోపల ఇంక్యుబేటర్‌లో ఉందంట, తల్లిని డిశ్చార్జ్ చేసేశారు, పోడానికి చోటు లేదు. "పచ్చి బాలింతరా నాయినా, చలి కొట్టుద్ది" అంది అవ్వ. ఆ రాత్రి ఇంకో రెండు తెచ్చిచ్చాం. అప్పటినుంచి మా లెక్క మారింది, 50 మంది ఉన్నారంటే 60 తీసుకెళ్తాం, మిగిలినవి ఎవరికివ్వాలో అవ్వలాంటివాళ్ళే చెప్తారు.

చలిమంటల దగ్గర చాలా జాగ్రత్త. టైర్లు, వైర్లు, ప్లాస్టిక్ కాల్చకుండా చెప్పండి, కట్టెలు మీరే ఇప్పించండి. పక్కలకి దూరంగా వేసుకోవాలి, ఫ్లీస్, పాలిస్టర్ దుప్పట్లకి నిప్పురవ్వ పడితే కరిగి ఒంటికి అంటుకుపోతాయి, పిల్లలున్న చోట అవి ఇవ్వకపోవడమే మంచిది. పట్టా కట్టిన గుడారం లోపల బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకోవడం అన్నిటికంటే ప్రమాదం, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, తల నొప్పి, వికారం అనుకునేలోపు స్పృహ పోతుంది, నిద్రలో ఉన్నవాళ్ళకి ఆ పాటి కూడా తెలీదు. ఈ ఒక్క విషయం ప్రతి గుడారం దగ్గరా ఆగి చెప్పండి.

మందు తాగితే చలి ఆగుతుందని అక్కడ చాలామంది నమ్మకం. చర్మం దగ్గర రక్తనాళాలు తెరుచుకుని వెచ్చగా అనిపిస్తుంది గానీ లోపలి వేడి బయటికి పోతుంది. మీరు ఉపన్యాసం ఇస్తే ఎవరూ వినరు, కానీ తాగి ఉన్నాడు కదా అని ఆ మనిషికి దుప్పటి మానేయకండి, ఆ రాత్రి అందరికంటే ఎక్కువ అవసరం అతనికే. ఇంకో సంగతి, చలి దెబ్బ తిన్న మనిషి కూడా తాగినవాడిలాగే ఉంటాడు. ముందు వణుకుతారు, శరీరం లోపల వేడి 35 డిగ్రీల కంటే కిందికి పోతూ ఉంటే మాట ముద్ద ముద్దగా వస్తుంది, తూలుతారు, మగతగా ఉంటారు, ఆ తర్వాత వణుకు కూడా ఆగిపోతుంది. వణుకు తగ్గింది అంటే బాగైంది అనుకోవద్దు, మగతగా ఉండి వణుకు ఆగిందంటే వెంటనే 108కి ఫోన్ చేయండి. అంబులెన్స్ వచ్చేలోపు తడి బట్టలు తీసేసి పొడివి చుట్టండి, తల కూడా కప్పండి, కింద అట్టలు వేయండి. కాళ్ళూ చేతులూ గట్టిగా రుద్దొద్దు, మంట దగ్గరికి ఈడ్చుకెళ్ళొద్దు. తెలివిలో ఉండి మింగగలిగితేనే వేడి టీ, చక్కెర ఎక్కువేసి. పసిపిల్లలు వణకను కూడా వణకరు, ఒళ్ళు చల్లగా ఉండి పాలు తాగకపోతే తల్లి గుండెకి ఆనించి, ముఖం మీద గుడ్డ పడకుండా, ఇద్దరికీ కలిపి కప్పి ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

తిండి గురించి క్లుప్తంగా. ఫంక్షన్‌లో మిగిలింది రాత్రి ఒంటిగంటకి తెచ్చి పెట్టొద్దు, కూర పులిసినా చీకట్లో కనపడదు, పాడైన తిండితో విరేచనాలు పట్టుకుంటే వాళ్ళకి బాత్రూమ్ ఎక్కడుంది? ఆ మాటకొస్తే చాలామంది ఆడవాళ్ళు సాయంత్రం నుంచి నీళ్ళు తాగరు, రాత్రి లేచి వెళ్ళే చోటు లేక. బలవంతంగా టీ పోయకండి, వద్దంటే వద్దు. పళ్ళు లేని పెద్దవాళ్ళకి మెత్తటి ఇడ్లీ, అరటిపండు. 5 రూపాయల భోజనం క్యాంటీన్ దగ్గర్లో ఉంటే అది ఎక్కడో ఎన్నింటికి తెరుస్తారో చెప్పండి, కొత్తగా ఊళ్ళోకి వచ్చినవాళ్ళకి తెలీదు.

షెల్టర్లున్నాయి కదా అక్కడికి పొమ్మని అనేసి వచ్చేయకండి. లక్ష జనాభాకి ఒక షెల్టర్ అయినా ఉండాలని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది, ఉన్నవి ఆ లెక్కకి ఎంత దూరమో మీ ఊళ్ళో మీరే చూడండి. ముందు మీరు ఫోన్ చేసి ఖాళీ ఉందా, ఆడవాళ్ళకా మగవాళ్ళకా, భార్యాభర్తలు పిల్లలతో వస్తే తీసుకుంటారా కనుక్కోండి. వస్తామంటే ఆటోలో దిగబెట్టండి. రామంటే కారణం ఉంటుంది, మూటలు పెట్టుకోనివ్వరు, మొగుడినీ పెళ్ళాన్నీ వేరు చేస్తారు, పొద్దున అడ్డా దూరమవుతుంది. ఒంటరి పెద్దవాళ్ళుంటే 14567కి, తోడు లేని పిల్లలైతే 1098కి ఫోన్ చేయండి. మతిస్థిమితం లేక తిరుగుతున్న మనిషి కనపడితే పోలీసులకి చెప్పండి, 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ఆ మనిషిని కాపాడి 24 గంటల్లోపు ప్రభుత్వ వైద్యం దగ్గరికి చేర్చే బాధ్యత స్టేషన్‌ది, ఆ సంగతి మర్యాదగా గుర్తుచేయండి.

ఫొటోలు వద్దు. ముఖం కనపడకుండా తీస్తాం అంటారు, అదీ వద్దు. ఇంటి దగ్గర పని దొరికిందని చెప్పి వచ్చి ఇక్కడ ఫుట్‌పాత్ మీద ఉంటున్నవాళ్ళు ఎంతోమంది, ఆ ఫొటో ఊళ్ళోవాళ్ళ ఫోన్‌కి చేరితే వాళ్ళు తలెత్తుకోలేరు. దాతలకి లెక్క చూపించాలంటే దుప్పట్ల బిల్లు పెట్టండి.

భోగికి పాత బట్టలు మంటలో వేసేవాళ్ళు, వాటిలో స్వెటర్లు, శాలువాలు పక్కన పెట్టి ఉతికి ఇవ్వండి, ఉతక్కుండా మాత్రం ఇవ్వొద్దు, గజ్జి లాంటివి బట్టల నుంచి కూడా ఇంకొకరికి పాకొచ్చు. సంక్రాంతి అయిపోగానే మన గ్రూపులు చల్లబడిపోతాయి గానీ చలి శివరాత్రికి గానీ శివశివా అని పోదు. అందుకని కొన్న దుప్పట్లలో పదో పదిహేనో దాచిపెట్టి ఫిబ్రవరి మొదట్లో ఇంకోసారి వెళ్ళండి, తడిసిపోయినవాళ్ళు, పోగొట్టుకున్నవాళ్ళు, ఆ నెలలోనే కొత్తగా రోడ్డున పడ్డవాళ్ళు ఉంటారు, ఎవరికి లేవో మూటల దగ్గర కూర్చున్న ముసలాయన్ని అడిగితే పేరుతో సహా చెప్తాడు.