గణిత మూల్యాంకనం: ఉపాధ్యాయులకు స్వయం బోధన – 4వ పాఠం
జవాబు చెప్పకుండా సాయపడడం

రెండో తరగతి గణితానికి ప్రశ్నలు ఎంచుకోవడం గత పాఠంలో చూశాం. పరీక్ష జరుగుతుండగా ఒక పిల్లవాడు కాగితం పట్టుకొని వచ్చి “టీచర్, ఇది కూడాలా, తీసేయాలా?” అని అడిగితే ఏమి చేయాలన్నది ఈ పాఠం.

ఆ ప్రశ్న దేన్ని పరీక్షించడానికి ఇచ్చామో దానిలో సాయం చేయకూడదు. మిగిలిన అన్నింటిలో చేయవచ్చు. ఉదాహరణకు: “సీత దగ్గర 14 గోళీలు, రవి దగ్గర 9 గోళీలు ఉన్నాయి. రవి కంటే సీత దగ్గర ఎన్ని ఎక్కువ ఉన్నాయి?” ‘ఎక్కువ’ అన్న మాట కనబడగానే చాలామంది పిల్లలు రెండూ కూడి 23 అని రాస్తారు. చదవలేని పిల్లవాడికి ప్రశ్న చదివి వినిపించడంలో తప్పు లేదు, ఎందుకంటే చదవడాన్ని పరీక్షించేది తెలుగు పేపరు. కాని “తేడా ఎంతో కనుక్కో” అన్నామంటే, ఏ లెక్క చేయాలో తేల్చుకునే పని వాడి చేతిలోంచి మనం లాక్కున్నట్టే. దానికి బదులు “ప్రశ్నలో ఏమి అడిగారో నీ మాటల్లో చెప్పు” అని, వాడు చెప్పేదాకా ఆగాలి. ఈ ఆగడమే మనకు అన్నింటికంటే కష్టం.

చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు బాగా వచ్చేలా చూసేందుకు కేంద్ర ప్రభుత్వం 2021లో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమ లక్ష్యాల ప్రకారం రెండో తరగతి పూర్తయ్యేసరికి పిల్లలు 99 లోపు సంఖ్యల తీసివేతలు చేయగలగాలి. 52 – 27 లెక్కలో 7లోంచి 2 తీసేసి 35 అని రాసే పిల్లవాడికి పుల్లలూ, పదేసి పుల్లల కట్టలూ ఇవ్వవచ్చు. అయితే అవి పరీక్ష మొదట్లోనే అందరికీ అందుబాటులో ఉండాలి. ఒకట్లు చాలక ఒక కట్ట విప్పాలన్న సంగతి మాత్రం వాడికే తట్టాలి. మనమే విప్పి చేతిలో పెడితే, అప్పు తెచ్చుకోవడం వాడికి వచ్చో రాదో ఆ జవాబును బట్టి చెప్పలేం.

మన నోటి కంటే ముఖమే ఎక్కువ జవాబులు చెబుతుంది. తప్పు రాసినవారి దగ్గరే ఆగి “మళ్లీ చూసుకో” అంటూ ఉంటే, ఆ మాట వినగానే జవాబు చెరిపేయాలని పిల్లలు రెండు రోజుల్లోనే పసిగడతారు. అందువల్ల ఒప్పు రాసినవారితోనూ అదే మాటను అదే గొంతుతో అనాలి, “ఇది ఎలా చేశావు?” అని ఇద్దరినీ అడగాలి. ప్రశ్నను చదివి వినిపించేటప్పుడు ‘మిగిలాయి’, ‘మొత్తం’ వంటి మాటలను ఒత్తి పలకకూడదు.

చేసిన సాయాన్ని జవాబు పక్కనే “చదివి వినిపించాను”, “పుల్లలు వాడాడు” అని అప్పటికప్పుడే రాసుకోవాలి. సాయంత్రానికి గుర్తుండదు.

అభ్యాసం: మీ తరగతికి ఇవ్వబోయే ప్రశ్నపత్రం తీసుకొని, ప్రతి ప్రశ్న పక్కన అది దేన్ని పరీక్షిస్తోందో ఒక్క వాక్యంలో రాయండి, ఆ ప్రశ్నకు మీరు చేయదగిన సాయం ఒకటి, చేయకూడనిది ఒకటి దాని కింద రాయండి. ఆ కాగితాన్నీ, పరీక్షలో రాసుకున్న గమనికలనూ దగ్గర పెట్టుకుంటే 5వ పాఠంలో మార్కులు వేసే పద్ధతి చూద్దాం.