ఇది వాతావరణ విపత్తా కాదా, ఎలా తెలుసుకోవాలి

ఏదైనా విపత్తు గురించి వినగానే ముందు ఒకటే అడగండి, ఇది గాలి, వాన, ఎండల వల్ల వచ్చిందా లేక భూమి లోపల నుంచి వచ్చిందా అని. తుఫాను, వడగాలులు, పిడుగులు, కరువు మొదటి రకం, భూకంపం, అగ్నిపర్వతం రెండోది.

చాలామంది పొరబడేది సునామీ దగ్గరే. సముద్రం పొంగింది కదా అని తుఫానుతో కలిపేస్తారు, కానీ 2004 డిసెంబర్ 26న వచ్చిన సునామీకి కారణం ఇండోనేషియాలోని సుమత్రా దీవి దగ్గర సముద్రం అడుగున వచ్చిన భూకంపం, ఆకాశంతో సంబంధమే లేదు. తుఫానప్పుడు వచ్చే ఉప్పెన వేరు, అక్కడ నీళ్ళని ఒడ్డు మీదకి తోసేది గాలి. కొండచరియలు మాత్రం రెండు రకాలుగానూ విరిగిపడతాయి, వానకి నాని అయినా, భూమి కంపించి అయినా.

ఈ తేడా తెలుసుకోవడం ఎందుకంటే, తప్పించుకోవడానికి ఎంత టైమ్ ఉంటుందో దాన్ని బట్టే తెలుస్తుంది. తుఫాను వస్తోందని రోజుల ముందే శాటిలైట్‌లో కనిపిస్తుంది, అందుకే ఖాళీ చేయమంటే దయచేసి వెంటనే కదలండి, ఆకాశం ప్రశాంతంగా ఉన్నా సరే. భూకంపం ఫలానా రోజు వస్తుందని ఎవరూ చెప్పలేరు, అలాంటి మెసేజ్ వస్తే ఫార్వర్డ్ చేయకండి. తీరంలో ఉండగా నేల గట్టిగా ఊగినా, సముద్రం ఒక్కసారిగా వెనక్కి పోయినా సైరన్ కోసం చూడొద్దు, ఎత్తుకి పరిగెత్తండి. ఉరుము వినిపిస్తే బిల్డింగ్‌లోకి వెళ్ళిపోండి, చివరి ఉరుము తర్వాత కూడా 30 నిమిషాలు బయటికి రాకండి.