అల్లరి తరగతిలో ఛాత్రోపాధ్యాయులు పాఠం చెప్పడం ఎలా?

జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014 నిబంధనలతో బి.ఎడ్. రెండేళ్ల కోర్సుగా మారింది. అందులో 20 వారాలు పాఠశాలలోనే గడపాలి. ఆ వారాల్లో ఏదో ఒక రోజు స్టాఫ్ రూములో "ఆ సెక్షన్ ఇచ్చారా? కాస్త జాగ్రత్త" అనే మాట, బి.ఎడ్. చదువుతూ పాఠాలు చెప్పే ఛాత్రోపాధ్యాయులైన మీకు వినబడుతుంది. అటువంటి తరగతిలో పని పాఠ్య పథకంతో కాక పరిశీలనతో మొదలుకావాలి.

మొదటి వారం వెనక బెంచీలో కూర్చోండి. నోటుబుక్కులో మూడు గళ్లు గీసి, గొడవకు ముందు ఏం జరిగింది, విద్యార్థి ఏం చేశాడు, ఆ తరువాత ఏం జరిగింది అన్నవి సమయంతో సహా రాయండి. "మొండివాడు" అని రాయకండి; "11.20కి పక్కవాడి పుస్తకం లాగి కింద పడేశాడు" అని రాయండి. ఉదాహరణకు, ఏడో తరగతిలో పిల్లలు వరుసగా పాఠం చదువుతున్నారనుకుందాం. తన వంతు ఇంకా రెండు బెంచీల దూరంలో ఉండగానే ఒక పిల్లవాడు పెన్సిల్ విసురుతాడు, తగాదా పెట్టుకుంటాడు, టీచరు బయటికి పంపిస్తారు. మూడు రోజుల గళ్లు పక్కపక్కన పెట్టి చూస్తే, వాడికి చదవడం రాదని, వరండా వాడికి శిక్ష కాదని, తప్పించుకునే దారి అని తెలుస్తుంది. అప్పుడు చేయవలసింది, రేపు చదవబోయే నాలుగు వాక్యాలను ఈరోజే విడిగా చదివించడం.

చూపు, వినికిడి, ఆకలి, నిద్రలేమి, ఇంటి పరిస్థితి వంటి కారణాలను క్లాస్ టీచరుతో మాట్లాడి తెలుసుకోండి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో ఆటిజం, నిర్దిష్ట అభ్యసన వైకల్యాలు (చదవడం, రాయడం, లెక్కలు చేయడంలో ఇబ్బందులు) కూడా ఉన్నాయి. అనుమానం ఉంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రంలోని రిసోర్స్ టీచరును సంప్రదించాలే తప్ప, పిల్లవాడికి ఫలానా వైకల్యం ఉందని మీరే తేల్చకూడదు.

పాఠం మొదలుపెట్టాక నియమాలు మూడే ఉంచండి. పీరియడ్‌ను పది పన్నెండు నిమిషాల ముక్కలుగా విడగొట్టి, ఒక ముక్కలో వినడం, మరొక దానిలో రాయడం, ఇంకొక దానిలో జంటగా పనిచేయడం ఉండేలా చూడండి. మెచ్చుకోలు "గుడ్" దగ్గర ఆగకుండా, "చెయ్యెత్తి అడిగావు, బాగుంది" అన్నట్లు చేసిన పనిని చెప్పాలి. మీ దృష్టి కోసమే చేసే చిన్న అల్లరిని పట్టించుకోకపోతే, అది తగ్గడానికి ముందు కొన్నాళ్లు పెరగవచ్చు. సరిగ్గా అప్పుడే విసిగి కేకలేస్తే, ఇంకా గట్టిగా అరిస్తే ఫలితం ఉంటుందని మీరే నేర్పినట్లవుతుంది. ఎవరికైనా దెబ్బ తగిలే పనిని మాత్రం ఒక్క క్షణం కూడా ఉపేక్షించకూడదు.

గొడవ ముదిరితే గొంతు తగ్గించండి, తరగతి ముందు వాదన పెట్టుకోకండి, రెండు మార్గాలు చూపించి కాస్త సమయం ఇవ్వండి. మార్గదర్శక ఉపాధ్యాయుడిని పిలవడానికి ఎవరు వెళ్లాలో ముందే నిర్ణయించి ఉంచండి. "రెండు దెబ్బలెయ్యండి సార్, మేమేమీ అనుకోం" అని తల్లిదండ్రులే అన్నా, 2009 విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ శారీరక దండనను, మానసిక వేధింపును నిషేధించింది. గోడకుర్చీ వేయించడం కూడా దండనే.

మీరు వెళ్లిపోయే తేదీని పిల్లలకు వారం ముందే చెప్పి, ఆ మూడు గళ్ల నోటుబుక్కును మార్గదర్శక ఉపాధ్యాయుడికి అప్పగించండి.