దసరా వంటకు ముందు: ఒకదాని బదులు ఇంకొకటి వేస్తుంటే తీసుకోవాల్సిన జాగ్రత్తలు

పొయ్యి వెలిగించకముందే డబ్బాలన్నీ మూత తీసి చూసుకోండి. వానాకాలం తేమకి రవ్వలో, పిండిలో పురుగు పట్టి ఉండొచ్చు. జల్లించండి. ముక్కవాసన వస్తే మొహమాటం లేకుండా పారేయండి.

పరమాన్నంలో పంచదార బదులు బెల్లం వేస్తున్నారా? పాలు విరిగేది ఇక్కడే. అన్నం పాలలో మెత్తగా ఉడికాక స్టవ్ ఆపేసి, గిన్నె దించి, పది నిమిషాలు ఆగండి. బెల్లాన్ని వేరుగా కొద్ది నీళ్లలో కరిగించి, నలకలు పోయేలా వడకట్టి, చల్లారాక కలపండి. మళ్లీ పొయ్యి ఎక్కించొద్దు. కిందటేడు నేను తొందరపడి మరుగుతున్న పాలలోనే వేసేశాను. చూస్తుండగానే గిన్నె అంచు చుట్టూ పలుకులు పలుకులుగా తేలింది. నైవేద్యం మళ్లీ మొదటి నుంచి వండాల్సి వచ్చింది, ఆ టెన్షన్ మీకొద్దు.

పులిహోరకి చింతపండు బదులు నిమ్మకాయ పిండుతుంటే రసాన్ని మరిగించకండి, చేదెక్కుతుంది. తాలింపు కలిపిన అన్నం కాస్త చల్లారాక పిండండి. సీసాలో వచ్చే చింతపండు గుజ్జు వాడితే లేబుల్ చదవండి. కొన్నింటిలో ఉప్పు ముందే ఉంటుంది.

కల్లుప్పు అయిపోయి మెత్తటి ఉప్పు వేస్తే చెంచా కొలత తగ్గించండి.

బొబ్బట్లకి మైదా బదులు గోధుమపిండి అయితే నీళ్లు కొంచెం ఎక్కువ పడతాయి, ముద్ద కనీసం గంటసేపు నానాలి.

జీడిపప్పు బదులు వేరుశనగలు వేసేముందు, వచ్చేవాళ్లలో ఎవరికైనా అవి పడవేమో తప్పకుండా ఫోన్ చేసి అడగండి. ఇంగువ పొడిలో కూడా తరచుగా గోధుమపిండి కలిపి ఉంటుంది, గోధుమ పడనివాళ్లుంటే డబ్బా మీద చూసుకోండి.