జలపాతం దాకా నడక: బయలుదేరే ముందు

- ఎగువన వాన పడిందేమో కనుక్కోండి. మీ నెత్తిన ఎండ కాస్తున్నా, పైన కొండల్లో కురిసిన వాన నిమిషాల్లో వాగును పొంగించగలదు. నీళ్లు ఉన్నట్టుండి మట్టిరంగుకు తిరిగినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొచ్చినా ఫొటోలు ఆపి గట్టెక్కండి.
- చెప్పులు వద్దు, పట్టున్న బూట్లు వేసుకోండి. నాచు బండ పొడిగా కనిపించినా నమ్మకండి.
- మడుగులోకి దూకవద్దు. నురగ కింద ఏ రాయి ఉందో పైకి తెలియదు. జలపాతం పై అంచుకైతే అసలే పోవద్దు.
- మంచినీళ్లు, టార్చి.
- సిగ్నల్ అందకపోవచ్చు. ఏ దారిన వెళ్తున్నారో, ఎప్పటికి తిరిగొస్తారో ఇంట్లో చెప్పండి.
- పొడి సాక్సులు ఒక జత. నవ్వకండి, తిరుగుదారిలో నాకంటే మీకే బాగా తెలుస్తుంది.